కర్ణాటక సంగీతంలో పిహెచ్‌డి: చెవికి తగిలిన సందేహం నుంచి వైవా దాకా

ఎం.ఏ. సంగీతం పూర్తిచేసినవారు, సంగీత కళాశాలల్లో పాఠాలు చెబుతున్నవారు, ఏళ్ల తరబడి కచేరీలు చేసి ఇక పరిశోధన చేద్దామనుకుంటున్నవారు నన్ను మొదట అడిగే మాట ఎప్పుడూ ఒకటే: "ఏ టాపిక్ తీసుకోమంటారు?" ఆ మాట ఇంకొకరిని అడుగుతున్నంత కాలం పరిశోధన మొదలు కాలేదనే నా అభిప్రాయం. సంగీతంలో పరిశోధనాంశం పాడేటప్పుడో, పాఠం చెప్పేటప్పుడో, పాత రికార్డు వినేటప్పుడో చెవికి తగిలి, ఎవరిని అడిగినా తీరని సందేహంగా మిగిలిపోయిన చోట దొరుకుతుంది. ఆ సందేహాన్ని పట్టుకోవడం దగ్గర మొదలుపెట్టి, విశ్వవిద్యాలయ ప్రవేశం, గైడు ఎంపిక, ఆధారాల సేకరణ, రాత, సమర్పణ వరకు మీరు ఏ వరుసలో నడవాలో కింద వివరిస్తున్నాను. తెలుగు నాట చదువుకున్న కర్ణాటక సంగీత విద్యార్థిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను కనుక ఉదాహరణలన్నీ ఆ సంప్రదాయం నుంచే తీసుకున్నాను.

మొదటి మెట్టు: సందేహాన్ని ప్రశ్నగా మార్చుకోండి

దరఖాస్తు పెట్టడానికి కనీసం ఆరు నెలల ముందు ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. మీ గురువు చెప్పిన పాఠానికీ, అచ్చు పుస్తకంలోని స్వరానికీ తేడా కనిపించిన ప్రతి చోటును అందులో రాయండి. ఒకే కీర్తన ఇద్దరు విద్వాంసుల నోట రెండు రకాలుగా వినబడితే రాయండి. శిష్యులు అడిగినప్పుడు "సంప్రదాయం అంతే" అని దాటవేసిన ప్రశ్నలను తప్పకుండా రాయండి, ఎందుకంటే సిద్ధాంతగ్రంథాలకు పనికివచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఆ సమాధానం వెనకే దాగి ఉంటాయి.

ఒక ఉదాహరణ చెబుతాను. తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనల రాగిరేకుల్లో సంకీర్తనలకు రాగం పేర్లు ఉంటాయి కాని స్వరలిపి ఉండదు. ఆ రాగాల పేర్లలో ముఖారి ఒకటి. నేడు మనం పాడే ముఖారిలో చతుశ్శ్రుతి రిషభం, సాధారణ గాంధారం ఉంటాయి. రెండు ధైవతాలూ వినబడతాయి. ఖరహరప్రియ అనే మేళం (మూలరాగం) నుంచి పుట్టిన జన్యమని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అయితే అన్నమయ్య పోయిన తర్వాత అర్ధశతాబ్దమైనా తిరగకముందే, 1550లో, విజయనగర రాజ్యంలోనే రామామాత్యుడు రాసిన స్వరమేళకళానిధిలో ముఖారి అన్నది శుద్ధస్వరాలన్నీ కలిగిన మొదటి మేళం పేరు. అంటే నేటి మేళాల్లో మొదటిదైన కనకాంగి స్వరస్థానాలకు సరిపోయేది. పేరు ఒకటే, ధ్వని వేరు. మరి రేకులో చెక్కిన ముఖారి ఏ ముఖారి? ఇది వెంటనే జవాబు దొరికే ప్రశ్న కాదు, అలాగని జవాబు కోసం వెతకడానికి దారే లేనిది కూడా కాదు: లక్షణగ్రంథాలు (రాగాల నియమాలు చెప్పే పాత శాస్త్రగ్రంథాలు) ఉన్నాయి, రేకుల పాఠం అచ్చులో ఉంది, రాగం పేర్ల పంపిణీని లెక్కించవచ్చు, తర్వాతి శతాబ్దాల్లో ఆ రాగం ఎప్పుడు ఎలా మారిందో గ్రంథం వెంట గ్రంథం చూసుకుంటూ రావచ్చు. పరిశోధనాంశం అంటే ఇలా ఉండాలి.

దీనికి భిన్నంగా "అన్నమయ్య కీర్తనల్లో రాగ వైభవం" అని శీర్షిక పెట్టి, నేడు ప్రచారంలో ఉన్న రికార్డులను విశ్లేషించి, అన్నమయ్య ఆ రాగాన్ని ఇలా వాడాడని నిర్ధారించే ప్రమాదం ఉంది. రేకులు వెలుగులోకి వచ్చి, పాఠపరిష్కరణ జరిగిన తర్వాత 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు, వారి తర్వాతివారు స్వరపరిచిన బాణీలే నేడు మనకు ఎక్కువగా వినబడుతున్నాయి. ఆ బాణీలను పరిశోధించడం గొప్ప విషయమే. కాని అది 20వ శతాబ్దపు స్వరకల్పన మీద పరిశోధన అవుతుంది. ఏ కాలపు సంగీతం గురించి మాట్లాడుతున్నారో మీ శీర్షికే చెప్పగలగాలి.

నా తొలి సినాప్సిస్‌లో (పరిశోధన ప్రణాళికలో) తెలుగు వాగ్గేయకారుల భక్తి గురించి చాలా పేజీలు రాశాను. కమిటీలో కూర్చున్న ఒక పెద్దావిడ మొత్తం చదివి, "అమ్మా, ఇందులో సంగీతం ఎక్కడుంది?" అని నెమ్మదిగా అడిగారు. సాహిత్యం గురించి, జీవితచరిత్ర గురించి, తత్త్వం గురించి రాస్తూ పోయి సంగీతాన్ని చివరి అధ్యాయంలో రాగాల పట్టికగా ముగించడం మన సంగీత సిద్ధాంతగ్రంథాల్లో తరచు కనిపించే లోపమని ఆ రోజే నాకు అర్థమైంది. మీ ప్రశ్నలోంచి స్వరం, గమకం (స్వరాన్ని ఊపి పలికే తీరు), లయ, పాఠాంతరం (ఒకే కృతిని ఒక్కో పరంపర పాడే రూపం), బోధన, వాద్యం, వినికిడి అన్న మాటలన్నీ తీసేసినా అది నిలబడుతుంటే, అది సంగీతశాఖకు చెందిన ప్రశ్న కాదు.

ప్రశ్న పరిమాణాన్ని ఇలా పరీక్షించుకోండి: ఒక వాక్యంలో అది ఇమడాలి, ఆ వాక్యంలో ఒక కాలమూ ఒక ఆధారసముదాయమూ ఉండాలి. "త్యాగరాజ కృతులు" అన్నది అంశం కాదు. త్యాగరాజు (1767–1847) నుంచి మానాంబుచావడి వేంకటసుబ్బయ్య, సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, ఆయన శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ వరకు కృష్ణాతీరానికి దిగివచ్చిన శిష్యపరంపరలో ఫలానా పది కృతుల పాఠం, త్యాగరాజు మరో శిష్యుడు వాలాజపేట వేంకటరమణ భాగవతార్ వైపు పాఠంతో ఎక్కడెక్కడ విడిపోతుంది అన్నది అంశం. 1919లో ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షుడిగా మొదలైన విజయనగరం సంగీత కళాశాల, అక్కడ ద్వారం వెంకటస్వామి నాయుడు నిలబెట్టిన వయొలిన్ బాణీ, బొబ్బిలి వీణ, షేక్ చినమౌలానా పుట్టి పెరిగిన ప్రకాశం, గుంటూరు ప్రాంతాల నాదస్వర కుటుంబాలు, 1948లో ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రంలో లలితసంగీత స్వరకల్పన, ఒగ్గుకథ, జముకులకథల గానపద్ధతి వంటివి మన గడప ముందే ఉన్నాయి. వీటి సంగీతాన్ని స్వరస్థాయిలో పరిశీలించే పని ఇంకా ఎంతో మిగిలి ఉంది.

ప్రశ్న కుదిరిందనిపించగానే గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధగంగలో వెతకండి. దేశంలోని విశ్వవిద్యాలయాలు ఆమోదించిన సిద్ధాంతగ్రంథాలు అక్కడ ఉచితంగా చదవవచ్చు. ఒకే రాగం పేరును వేర్వేరు వర్ణక్రమాల్లో, ఇంగ్లీషులోనూ తెలుగులోనూ వెతకాలి. మీ అంశం మీద ఎవరో ముందే రాశారని తెలిస్తే బెంగపడకుండా ఆ గ్రంథం చివరి అధ్యాయం చదవండి. వారు విడిచిపెట్టిన చోటు అక్కడ కనిపిస్తుంది.

రెండవ మెట్టు: అర్హత, ప్రవేశపరీక్ష

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 పిహెచ్‌డి నిబంధనల ప్రకారం పీజీలో 55 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్‌లోకి రాని ఓబీసీ, దివ్యాంగ, ఈడబ్ల్యూఎస్ అభ్యర్థులకు 5 శాతం సడలింపు ఉంది. నాలుగేళ్ల డిగ్రీని 75 శాతంతో పూర్తిచేసినవారూ నేరుగా అర్హులే. సంగీత డిప్లొమాలు ఎన్ని ఉన్నా, రేడియో గ్రేడు ఎంత గొప్పదైనా, ఈ డిగ్రీ అర్హత లేకపోతే నమోదు జరగదు కనుక కచేరీ విద్వాంసులు ముందు ఎం.ఏ. పూర్తిచేసుకోవాలి.

2024 జూన్ నుంచి యూజీసీ జాతీయ అర్హత పరీక్ష నెట్ మూడు విధాల పనికివస్తోంది: జేఆర్ఎఫ్‌కు (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు), అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు, కేవలం పిహెచ్‌డి ప్రవేశానికి. నెట్ స్కోరుతో ప్రవేశమిచ్చే చోట పరీక్షకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఉంటుంది. మొదటి పేపరు 50 ప్రశ్నలు, సంగీతం పేపరు 100 ప్రశ్నలు, మొత్తం మూడు గంటలు, తప్పు జవాబుకు మార్కులు తగ్గవు. సంగీతం పేపరులో కర్ణాటక పద్ధతితో పాటు హిందూస్థానీ, రవీంద్రసంగీతం, తాళవాద్యాలు కూడా సిలబస్‌లో భాగం. మన విద్యార్థులు హిందూస్థానీ రాగవర్గీకరణను, ఘరానాలను పూర్తిగా పక్కన పెట్టి మార్కులు పోగొట్టుకుంటారు. మూడు నెలలు వాటికి కేటాయించండి. ఆ చదువు తర్వాత మీ పరిశోధనకు కూడా ఉపకరిస్తుంది. జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000 రూపాయలు ఫెలోషిప్ అందుతుంది. అది ఉన్నవారు ట్యూషన్లు మాని లైబ్రరీల వెంట తిరగగలరు, అందుకే దాని కోసం ఒకటి రెండు ప్రయత్నాలు చేయమని నేను గట్టిగా చెబుతాను.

ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఏపీఆర్‌సెట్ అనే పరిశోధన ప్రవేశపరీక్ష ఉంది. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతిలోని శ్రీపద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయం మన దగ్గరి సంగీత శాఖలు. బయటికి వెళ్లగలిగినవారు 1932లో మొదలైన మద్రాసు విశ్వవిద్యాలయ భారతీయ సంగీత శాఖను, ఢిల్లీ విశ్వవిద్యాలయాన్ని, బనారస్ హిందూ విశ్వవిద్యాలయాన్ని కూడా పరిశీలించాలి. ఉద్యోగం చేస్తున్నవారు పార్ట్‌టైమ్‌లో చేరవచ్చు, అయితే పనిచేసే సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. ఆన్‌లైన్‌లోనో దూరవిద్యలోనో పిహెచ్‌డి ఇప్పిస్తామన్న ప్రకటనలు కనబడితే అటు వెళ్లకండి. అలాంటి పిహెచ్‌డిని యూజీసీ గుర్తించదు.

విదేశాల మీద దృష్టి ఉన్నవారికి ఒక మాట. అమెరికాలో సంగీతంలో రెండు రకాల డాక్టరేట్లు ఉన్నాయి: ప్రదర్శనను ప్రధానంగా చేసుకున్న డీఎంఏ, పరిశోధనను ప్రధానంగా చేసుకున్న పిహెచ్‌డి. కర్ణాటక సంగీతం చదివినవారికి సాధారణంగా ఎథ్నోమ్యూజికాలజీ (సంగీతాన్ని దాని సమాజంతో, సంస్కృతితో కలిపి చదివే శాస్త్రం) పిహెచ్‌డి సరిపోతుంది. కనెక్టికట్‌లోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో కర్ణాటక సంగీత బోధన 1960ల నుంచి సాగుతోంది. వీణ ధనమ్మాళ్ మనుమడు, వేణువిద్వాంసుడు టి. విశ్వనాథన్ అక్కడే 1975లో దక్షిణభారత రాగాలాపన మీద డాక్టరేట్ పొందారు. క్షేత్రయ్య పదాలు నిలబెట్టుకున్న ఇంటి నుంచి వచ్చిన కళాకారుడు, తాను రోజూ చేసే ఆలాపననే పరిశోధనకు తీసుకోవడం గమనించదగ్గది.

మూడవ మెట్టు: గైడు

ప్రొఫెసరు ఒకేసారి 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసరు 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసరు 4 మందికి మాత్రమే పర్యవేక్షణ చేయగలరు. సంగీత శాఖలు చిన్నవి కాబట్టి ఖాళీ ఉందో లేదో ముందు తెలుసుకోవాలి. పదవీవిరమణకు మూడేళ్లలోపు ఉన్నవారు కొత్త విద్యార్థిని తీసుకోకూడదన్న నిబంధన కూడా ఉంది. చాలామంది ఇది తెలియక ఏడాది పాటు ఎదురుచూసి నష్టపోతారు.

గైడు కూడా మీ గురుపరంపర వారే అయితే మంచిదన్న నమ్మకం మనలో ఉంది. నేను దాన్ని పూర్తిగా అంగీకరించను. గురువు దగ్గర పాఠం నేర్చుకునేటప్పుడు "ఇది ఇలాగే" అన్న మాటను శిరసావహించడం ధర్మం, పరిశోధనలో "ఇది ఇలాగే ఎందుకు?" అని అడగడం ధర్మం. రెండూ ఒకే మనిషి ముందు చేయడం ఇద్దరికీ కష్టం. మీ పాఠాంతరానికి భిన్నమైనదాన్ని కూడా సహనంతో వినగలిగిన గైడును వెతకండి. ఆయన పర్యవేక్షించిన రెండు సిద్ధాంతగ్రంథాలను శోధగంగలో చదివాక కలవండి. మొదటిసారి కలిసినప్పుడు మీ ప్రశ్నను ఒక పేజీలో రాసి తీసుకువెళ్లండి. మీరు పాడో వాయించో వినిపించగలిగిన ఒక ఉదాహరణను కూడా సిద్ధం చేసుకోండి. మేస్టారు లేదా మేడమ్ ఆ పేజీ మీద ఎన్ని ప్రశ్నలు వేస్తే అంత మంచి సూచన.

నాలుగవ మెట్టు: కోర్స్‌వర్కు, సినాప్సిస్

నమోదు తర్వాత చదవాల్సిన కోర్స్‌వర్కు కనీసం 12 క్రెడిట్లు, అందులో 55 శాతం రావాలి. పరిశోధన, ప్రచురణ నైతికత మీద తప్పనిసరి పాఠం ఉంటుంది. ఈ కాలాన్ని పరీక్షల తంతుగా భావించకుండా మీకు లేని నైపుణ్యాన్ని సంపాదించుకోవడానికి వాడండి: సంస్కృత లక్షణగ్రంథాలు చదవాలంటే సంస్కృతం, తంజావూరు మద్రాసు గ్రంథాలయాల్లో పనిచేయాలంటే గ్రంథలిపి (తమిళ నాట సంస్కృతం రాసిన లిపి) లేదా తమిళం, శబ్దవిశ్లేషణ చేయాలంటే సాఫ్ట్‌వేరు. సినాప్సిస్‌లో ప్రశ్న, ఇంతకుముందు జరిగిన పని, మీ ఆధారాలు ఎక్కడ ఉన్నాయి, వాటిని ఎలా పరిశీలిస్తారు అన్న నాలుగు విషయాలు స్పష్టంగా ఉంటే చాలు.

మొత్తం గడువు కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు, ఆపైన రెండేళ్ల పొడిగింపు ఉంటుంది. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి మరో రెండేళ్లు ఇవ్వవచ్చు. మహిళలకు ప్రసూతి, శిశుసంరక్షణ సెలవు 240 రోజుల వరకు ఉంది, అడగడానికి సంకోచించవద్దు.

ఐదవ మెట్టు: ఆధారాలు

తెలుగు చదవగలగడం కర్ణాటక సంగీత పరిశోధకుడికి ఎంత పెద్ద ఆస్తో మనవారిలో చాలామంది గుర్తించరు. సుబ్బరామ దీక్షితులు 1904లో తమిళ నాట ఎట్టయపురంలో అచ్చువేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు లిపిలో వచ్చింది. గమకాలకు ప్రత్యేక చిహ్నాలు ఏర్పరచి, ముత్తుస్వామి దీక్షితుల కృతులను, గీతాలను, సంచారాలను, వాగ్గేయకారుల చరిత్రలను ఒకచోట చేర్చిన ఆ గ్రంథం లేకుండా నేడు ఏ రాగచరిత్రా రాయలేము. తంజావూరు శాహజీ మహారాజు (పాలన 1684–1712) కాలపు రాగలక్షణము కూడా తెలుగులోనే ఉంది. అందులో ఒక్కొక్క రాగానికి నాటి ప్రబంధాల్లోని ప్రయోగాలను ఉదాహరించారు. తచ్చూరు సింగరాచార్యుల సోదరులు మద్రాసులో అచ్చువేయించిన స్వరసహిత పుస్తకాలూ తెలుగువే. వేరే రాష్ట్రాల పరిశోధకులు లిప్యంతరీకరణల మీద ఆధారపడే చోట మీరు మూలాన్నే తెరిచి చూడగలరు. కనుక మూలాన్నే తెరవండి. అనువాదంలోనో పునర్ముద్రణలోనో చూసి మూలం చూసినట్టు రాయకండి.

తంజావూరు సరస్వతీ మహల్, మద్రాసు ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయం, అడయారు గ్రంథాలయం, తిరుపతి ప్రాచ్యపరిశోధన సంస్థ లక్షణగ్రంథాలకు ముఖ్యమైన చోట్లు. త్యాగరాజు శిష్యుడు వాలాజపేట వేంకటరమణ భాగవతార్ ఇంటి రాతప్రతులు మధురై సౌరాష్ట్ర సభలో ఉన్నాయి. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1930లో మొదలుపెట్టిన పత్రిక పాత సంపుటాల్లో విద్వాంసులు ఒక్కొక్క రాగలక్షణం గురించి చేసిన చర్చలు నమోదై ఉన్నాయి. ఎవరు ఏ ప్రయోగానికి ఒప్పుకున్నారో, ఎవరు ఒప్పుకోలేదో అక్కడ తెలుస్తుంది. తెలుగు పత్రికల కోసం వేటపాలెంలోని సారస్వత నికేతనానికి, హైదరాబాదులోని సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి వెళ్లాలి. కాశీనాథుని నాగేశ్వరరావు 1924లో స్థాపించిన భారతి పత్రిక సంపుటాలను వరుసగా తిరగేయడానికి ఒక నెల పక్కన పెట్టుకోండి. వెళ్లేముందు గైడు సంతకంతో పరిచయపత్రం తీసుకోండి, ఏ ప్రతి కావాలో కేటలాగు సంఖ్యతో ముందే ఉత్తరం రాయండి. ప్రతి చూసిన రోజే పుట సంఖ్య, పంక్తి, రాత తీరు నోటుపుస్తకంలో ఎక్కించండి. ఇంటికి వచ్చి జ్ఞాపకం మీద రాసింది రెండేళ్ల తర్వాత మిమ్మల్నే తికమక పెడుతుంది.

శబ్ద ఆధారాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. గురుగ్రామ్‌లోని ఎథ్నోమ్యూజికాలజీ ఆర్కైవ్, ఢిల్లీలోని సంగీత నాటక అకాడమీ, ఆకాశవాణి భాండాగారాలు, వ్యక్తుల దగ్గరి టేపులు మీకు ఆధారాలవుతాయి. 78 ఆర్‌పీఎం గ్రామఫోను రికార్డుల విషయంలో రెండు విషయాలు మరువకూడదు. ఒకటి, ఒక వైపు మూడు నాలుగు నిమిషాలే పట్టేది కనుక ఆలాపన, సంగతులు (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే రూపాలు) ఆ కొలతకు కుదించబడ్డాయి. "ఆ రోజుల్లో ఇంతే పాడేవారు" అని దాన్నుంచి తేల్చకూడదు. రెండు, డిజిటల్‌గా మార్చేటప్పుడు పళ్లెం వేగం సరిగా లేకపోవచ్చు. వేగం 5 శాతం పెరిగితే శ్రుతి సుమారు 84 సెంట్లు (స్థాయిలో 1200వ వంతు ఒక సెంటు), అంటే దాదాపు ఒక స్వరస్థానమంత, పైకి పోతుంది, కాలప్రమాణమూ పెరుగుతుంది. అయితే స్వరాల మధ్య దూరాల నిష్పత్తి మారదు. కాబట్టి అలాంటి రికార్డు నుంచి రాగంలోని స్వరాంతరాల గురించి మాట్లాడవచ్చు కాని, ఆ విద్వాంసుడు ఏ శ్రుతికి పాడేవాడు, ఏ నడకలో పాడేవాడు అన్నవి రూఢిగా చెప్పకూడదు. ఈ చిన్న విచక్షణ లేక దెబ్బతిన్న అధ్యాయాలను నేను చూశాను.

ఆరవ మెట్టు: విన్నదాన్ని కాగితం మీద పెట్టడం

ఒక నిమిషం ఆలాపనను గమకాలతో సహా స్వరలిపిలో రాయడానికి కొన్నిసార్లు ఒక పూట పడుతుంది. అందువల్ల ఎన్ని రికార్డులు తీసుకుంటారో ముందే లెక్కవేయండి. నలభై రికార్డులను పైపైన విన్నదానికంటే ఆరు రికార్డులను స్వరం స్వరం విడదీసింది ఎక్కువ చెబుతుంది. ముందు రెండుసార్లు ఏ పనిముట్టూ లేకుండా వినండి. తర్వాత ఆ వాక్యాన్ని మీరే పాడండి లేదా వాయించండి. గొంతులోనో వేళ్లలోనో దాన్ని పట్టుకున్నాకే రాయండి. చివరగా లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయంలో తయారై ఉచితంగా దొరికే సోనిక్ విజువలైజర్, లేదా భాషాశాస్త్రజ్ఞులు వాడే ప్రాట్ వంటి సాఫ్ట్‌వేరులో శ్రుతిరేఖ (శ్రుతి ఎక్కి దిగే తీరు చూపే గ్రాఫు) గీయించి సరిచూసుకోండి.

ఈ వరుసను తలకిందులు చేయకండి. యంత్రం చూపేది పౌనఃపున్యాన్ని మాత్రమే, స్వరాన్ని గుర్తించేది మీరు. తోడి గాంధారాన్ని గ్రాఫులో చూస్తే ఒక చోట నిలబడని అల కనిపిస్తుంది. సాఫ్ట్‌వేరు దాన్ని రెండు మూడు స్వరస్థానాలుగా విడగొట్టి చూపవచ్చు. పాడేవారికీ వినేవారికీ అది ఒకటే గాంధారం. ఆ అల ఎక్కడ మొదలవుతుంది, ఎంతసేపు ఎక్కడ ఆగుతుంది, ఏ ప్రయోగంలో మారుతుంది అన్నది వివరించడానికి గ్రాఫు గొప్పగా సాయపడుతుంది, దాని పేరు నిర్ణయించడానికి కాదు. తంబుర, వయొలిన్, మృదంగం కలిసి ఉన్న కచేరీ రికార్డులో శ్రుతిరేఖ తరచు వాద్యం మీదికి దూకుతుంది కనుక ప్రతి కొలతనూ చెవితో సరిచూడాలి. మీరు వాడిన స్వరలిపి పద్ధతిని, గమక చిహ్నాలను సిద్ధాంతగ్రంథం మొదట్లోనే ఒక పట్టికగా ఇవ్వండి.

ఏడవ మెట్టు: పెద్దల దగ్గరికి వెళ్లడం

వయసు మీరిన విద్వాంసులను ముందు కలవండి. గ్రంథాలయం వచ్చే ఏడాదీ ఉంటుంది. మొదటిరోజే రికార్డరు బయటికి తీయకుండా, ఏమి నేర్చుకోవడానికి వచ్చారో చెప్పి, వీలైతే పాఠం చెప్పించుకోండి. "మీ బాణీ ప్రత్యేకత ఏమిటి?" అని అడిగితే అందరూ చెప్పే జవాబే వస్తుంది. "ఈ సంగతి మీ నాన్నగారు కూడా ఇలాగే వాయించేవారా?" అని అడిగితే వాద్యం చేతిలోకి తీసుకుంటారు. రికార్డు చేసుకోవడానికి, ఉదాహరించడానికి, పేరు రాయడానికి విడివిడిగా రాతపూర్వక అనుమతి తీసుకోండి. కళావంతుల (ఆటపాటలు వంశవృత్తిగా ఉన్న దేవదాసీ) కుటుంబాల నుంచి వచ్చిన పెద్దల విషయంలో ఇది మరీ ముఖ్యం. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం తర్వాత ఎన్నో ఇళ్లలో ఆట, పాట రెండూ మూలపడ్డాయి. ఆ ఇంటి పిల్లలు ఆ చరిత్రను బయటికి చెప్పుకోవాలనుకుంటున్నారో లేదో వారే నిర్ణయించాలి. పదాలు, జావళీలు మనకు దక్కింది వారి వల్లనే, కాబట్టి వారిని సమాచారదాతలుగా కాక విద్వాంసులుగా ఉటంకించండి.

ఎనిమిదవ మెట్టు: రాత, సమర్పణ

మొదటి అధ్యాయంతో మొదలుపెట్టకండి. మీ విశ్లేషణ ఉన్న నడిమి అధ్యాయాన్ని ముందు రాయండి; సంగీతోత్పత్తి గురించి, సామవేదం గురించి ఇరవై పేజీల ఉపోద్ఘాతం అక్కర్లేదని అప్పుడు మీకే తెలుస్తుంది. తెలుగులో రాయదలచుకుంటే మీ విశ్వవిద్యాలయం అనుమతిస్తుందో లేదో నమోదు నాడే కాగితం మీద రాయించుకోండి, యూనికోడ్‌లోనే టైపు చేయండి. పాత ఫాంట్లలో టైపు చేసిన గ్రంథాన్ని తర్వాత ఎవరూ వెతికి పట్టుకోలేరు. పరిభాషను ఒకే అర్థంలో వాడండి: బాణీ, పాఠాంతరం, సంప్రదాయం అన్న మూడు మాటలను ఒకదాని బదులు ఒకటి వాడితే వాదం కరిగిపోతుంది.

ఇతరుల వాక్యాలతో పోలిక 10 శాతం దాటితే 2018 యూజీసీ నిబంధనల ప్రకారం సవరించి మళ్లీ ఇవ్వాలి, 60 శాతం దాటితే నమోదే రద్దవుతుంది. రాగలక్షణ వాక్యాలు పాఠ్యపుస్తకాల నుంచి తెలియకుండానే దొర్లే అవకాశం ఎక్కువ కాబట్టి, లక్షణం చెప్పవలసిన ప్రతి చోటా ఏ గ్రంథం చెప్పిందో పేరు పెట్టి చెప్పండి. ఈ ఏళ్లలో సాధన మానకండి. రోజుకు గంటైనా పాడనివారి విశ్లేషణ రెండో ఏటికే పుస్తకాల భాషలోకి జారిపోతుంది.

సమర్పణకు ముందు సలహా సంఘం ఎదుట ప్రసంగం ఉంటుంది. ఆ తర్వాత గైడు కాక కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు గ్రంథాన్ని చదువుతారు. వైవా రోజున స్లైడ్ల మీద వాక్యాలు తగ్గించి ధ్వని పెంచండి: నాలుగు చిన్న శబ్దఖండాలు, వాటి స్వరలిపి, అదే వాక్యం మీ గొంతులో. "ఇది ఇతర పాఠంలో ఎలా ఉంటుంది?" అని అడిగితే మాటల్లో చెప్పకుండా పాడి చూపించండి. స్పీకర్లను ముందురోజే ఆ గదిలో సరిచూసుకోండి, తంబుర శ్రుతిని రికార్డు శ్రుతికి కలిపి పెట్టుకోండి.

డిగ్రీ చేతికి వచ్చాక చేయవలసిన పని మూడు భాగాలుగా ఉంటుంది. శోధగంగలోకి వెళ్లే ప్రతిలో స్వరలిపి అక్షరాలు చెదిరిపోకుండా ఉన్నాయో లేదో తెరిచి చూడండి. మీరు చేసిన రికార్డింగులను, తేదీ, ఊరు, పాడినవారి పేరు, అనుమతి పత్రాలతో సహా ఒక ఆర్కైవ్‌కు అప్పగించండి. మీకు పాఠం చెప్పిన ప్రతి ఇంటికీ వారి రికార్డింగు ప్రతిని, బైండు చేయించిన పుస్తకాన్ని తీసుకువెళ్లి ఇచ్చి, వారి గురించి రాసిన పేజీలను దగ్గర కూర్చుని చదివి వినిపించండి.